కెమెరా ఎప్పుడు కదలాలి: కైమెరాఎక్స్‌తో ఐదేళ్లు

ఎం.ఫార్మసీ పిల్లల కోసం ప్రోటీన్ల వీడియోలు నేనే చేసుకుంటాను. ఐదేళ్లుగా ఆ పనంతా కైమెరాఎక్స్‌లోనే. ప్రోటీన్ల త్రీడీ బొమ్మలు చూపించే ఈ సాఫ్ట్‌వేర్‌ను శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు తయారుచేశారు, చదువులకూ పరిశోధనకూ ఉచితం. బొమ్మలు ఎంత అందంగా వస్తాయో చాలామంది చెప్పారు. నేను కెమెరా కదలిక గురించే రాస్తాను. నా వీడియోలు మొదట పాడైందీ, తర్వాత బాగుపడిందీ అక్కడే.

మొదటి వీడియోకు ప్రోటీన్ డేటా బ్యాంక్‌లోని 1హెచ్‌ఎస్‌జి అనే ఫైల్ తీసుకున్నాను. హెచ్‌ఐవీ ఎంజైమైన ప్రోటియేజ్‌లో ఇండినవిర్ అనే మందు కూర్చుని ఉన్న నిర్మాణం అది. రెండు గొలుసులు, ఒక్కోదానిలో 99 అమైనో ఆమ్లాలు. పైన రెండు ఫ్లాపులు కనురెప్పల్లా మందు మీదికి మూసుకుని ఉంటాయి. నేను ప్రోటీన్ చుట్టూ కెమెరాను తిప్పుతూ, తిప్పుతూనే జూమ్ చేస్తూ లోపలికి వెళ్లాను. చూడ్డానికి బాగుందనే అనుకున్నాను. క్లాసులో వేశాక ఒకమ్మాయి అడిగింది: "సార్, మందు తగలగానే ప్రోటీన్ ఇలా తిరుగుతుందా?"

తిరిగింది కెమెరా. ఆ సంగతి నాకు తెలుసు, పిల్లలకు ఎలా తెలుస్తుంది? ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. కెమెరా కదిలేటప్పుడు అణువు కదలదు, అణువు కదిలేటప్పుడు కెమెరా కదలదు. ఫ్లాపులు మూసుకోవడం చూపించాలంటే మందు లేని నిర్మాణం 1హెచ్‌హెచ్‌పి నుంచి 1హెచ్‌ఎస్‌జికి మార్ఫ్ చేస్తాను, అంటే ఒక ఆకారాన్ని మెల్లగా రెండోదిగా మారుస్తాను. (1హెచ్‌హెచ్‌పి ఫైల్‌లో ఒకే గొలుసు ఉంటుంది. రెండోదాన్ని సిమెట్రీతో కట్టుకోవాలి.) అది నడిచినంతసేపూ కెమెరాను అస్సలు ముట్టుకోను.

ఈ నియమం పాటించడానికి కైమెరాఎక్స్ చాలా అనువుగా ఉంటుంది. 'టర్న్ వై 1 360' అని కొడితే ఫ్రేముకు ఒక డిగ్రీ చొప్పున ఒక చుట్టు పూర్తవుతుంది. సెకనుకు 25 ఫ్రేములు కాబట్టి 14 సెకన్ల పైమాటే. పాఠానికి అది ఎక్కువ. నిండు చుట్టులో సగంసేపు చూడాల్సిన చోటు వెనక్కి పోతుంది కూడా. అందుకే ఇప్పుడు ఎక్కువగా 'రాక్' వాడతాను. ఇరవై డిగ్రీలు అటూ ఇటూ ఊగితే చాలు, లోతు తెలిసిపోతుంది.

దీనికి నాకు నచ్చిన ఉదాహరణ ఆ ఫ్లాపుల కింద ఉన్న నీటి అణువు. రెండు ఫ్లాపుల కొసల్లోని 50వ అమైనో ఆమ్లాలైన ఐసోల్యూసిన్లకూ మందుకూ మధ్య అది వంతెనలా నిలుస్తుంది. ఆగిన బొమ్మలో ఒక ఎర్ర చుక్క, ఫ్లాపుకే అంటుకుపోయినట్టు కనిపిస్తుంది. పది డిగ్రీలు ఊపండి. ముందున్నది ఒక వైపుకు జరుగుతుంది, వెనకున్నది ఇంకో వైపుకు జరుగుతుంది, చుక్క మధ్యలో విడిగా తేలుతుంది. క్లాసులో "ఓ!" అని వినిపించేది సరిగ్గా అక్కడే.

ఇబ్బందులూ ఉన్నాయి. స్క్రిప్టులో 'వెయిట్' రాయడం మరిచిపోతే మొదటి కదలిక ముగియకముందే రెండోది మొదలై రెండూ కలిసిపోతాయి. నా మొదటి వీడియోలో తిరగడమూ జూమూ ఒకేసారి జరగడానికి కారణం అదే. 'వ్యూ నేమ్'తో భద్రపరిచిన దృశ్యంలో కెమెరా ఒక్కటే కాదు, మోడళ్ల స్థానాలూ ఉంటాయి. మందును వేరే మోడల్‌గా తీసి పక్కకు జరిపాక పాత దృశ్యానికి వెళ్లాను. మందు గాల్లో ఎగురుకుంటూ వచ్చి మళ్లీ పాకెట్‌లో, అంటే ప్రోటీన్‌లో తను ఉండే గుంటలో కూర్చుంది! రాత్రి పదకొండింటికి, మర్నాడు క్లాసు పెట్టుకుని, ఎంత టెన్షన్ పడ్డానో. ఇప్పుడు మందును జరిపాకే దృశ్యాలు భద్రపరుస్తాను. ఎదురెదురుగా ఉన్న రెండు దృశ్యాల మధ్య నేరుగా వెళ్లమంటే కెమెరా మనం అనుకోని దారి పడుతుంది. మధ్యలో ఇంకో దృశ్యం పెట్టి 'ఫ్లై' వాడితే దారి మన చేతిలో ఉంటుంది, మలుపులూ నునుపుగా వస్తాయి.

నా పాత ల్యాప్‌టాప్‌లో రికార్డింగ్ నత్తనడకే. అయినా ప్రతి ఫ్రేమూ విడిగా దాచుకుంటుంది కాబట్టి చివరి వీడియోలో ఆ కుదుపు ఉండదు. సూపర్‌శాంపుల్ 3 (ప్రతి ఫ్రేమునూ పెద్దగా గీసి కుదించడం) పెడితే అంచులు శుభ్రంగా వస్తాయి, సమయం ఇంకా పెరుగుతుంది.

ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్, పైమాల్ కూడా వాడాను. మౌస్‌తో దృశ్యాలు పేర్చుకునేవాళ్లకు అది హాయిగా ఉంటుంది. నాకు మాత్రం మామూలు మాటల్లా చదువుకోగలిగే స్క్రిప్టే కావాలి. వచ్చే ఏడాది ఇంకో ప్రోటీన్‌కు పేర్లు మార్చి అదే వాడుకోవచ్చు. సినిమా కెమెరాలా వెనక భాగం మసకబారాలి, వెలుగు నీడలు ఆడాలి అంటే బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో మాలిక్యులర్ నోడ్స్ అనే యాడ్-ఆన్ ఉంది. నేర్చుకోవడానికి నెలలు పడుతుంది.

ప్రోటియేజ్ వీడియో ఈ ఏడాది మళ్లీ చేశాను. మొదట రాక్, తర్వాత నాలుగు సెకన్లలో పాకెట్ సొరంగం వెంట నేరుగా లోపలికి, అక్కడ పూర్తిగా ఆగడం. రెండు గొలుసుల నుంచీ 25వ ఆస్పార్టిక్ ఆమ్లాలు, వాటి మధ్య మందులోని హైడ్రాక్సిల్ (ఓహెచ్) గుంపు. అక్కడ ఐదు సెకన్లు ఏమీ కదలదు. ఆ ఐదు సెకన్లూ నేనూ మాట్లాడను.