వేధింపుల ఫిర్యాదుకు డబ్బు: సొంత చందా, గ్రాంటు, యజమాని విరాళం... ఏది మేలు?

రొయ్యల షెడ్డులో తలలు తీసే ఆడమనిషి మీద మేస్త్రి చెయ్యి వేస్తే ఎక్కడికి వెళ్లాలో పనిచోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం స్పష్టంగానే చెప్పింది. పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోటైనా, ఫిర్యాదు యజమాని మీదే అయినా ఇలాంటి ఫిర్యాదులు విచారించే జిల్లా లోకల్ కమిటీకి వెళ్లొచ్చు. తెల్లారకుండా ఊళ్లోంచి ఎక్కించుకెళ్లే కంపెనీ వ్యాను కూడా చట్టం ప్రకారం పనిచోటే. రాయడం రాకపోతే కమిటీయే సాయం చేసి రాయించాలి. ఇంత ఉన్నా చాలామంది ఆగిపోతారు. భయం ఒకటి, చేతిలో డబ్బు లేకపోవడం ఇంకొకటి. కిలో లెక్కన కూలి వచ్చే చోట ఒక రోజు పోతే ఆ రోజు పొయ్యికి లోటే. పైగా బస్సు ఛార్జీలు, జిరాక్సులు. పనిలోంచి తీసేస్తే ఇక నెల ఎలా గడవాలన్నదే టెన్షన్.

ఈ ఖర్చులకు కూలీల సంఘం డబ్బు తేగల దారులు మూడు: సభ్యుల సొంత చందా, దాతల గ్రాంటు, యజమాని విరాళం. యజమాని విరాళం సంగతి త్వరగా తేల్చేస్తాను. పదిమంది ఉన్న చోట ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ పెట్టడం ఆయన బాధ్యత, దయ కాదు. పెట్టకపోతే 50 వేల దాకా జరిమానా. కమిటీ ఖర్చు ఆయనే భరించాలి. కానీ బాధితురాలి పక్కన నిలబడే సంఘం ఆయన రూపాయి ముట్టుకోకూడదు. రాజీకి డబ్బు ఆధారం కాకూడదని చట్టమే అంటుంటే, సాక్షులను కూడగట్టే వాళ్లు ఆయన డబ్బు తీసుకుని ఏ మొహంతో నిలబడతారు?

గ్రాంటుతో శిక్షణలు పెట్టుకోవచ్చు, లాయరును పెట్టుకోవచ్చు. చిక్కల్లా సమయంతోనే. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించగలదు, అంతే. దరఖాస్తు, మంజూరు, మొదటి విడత వచ్చేసరికి ఆ గడువు దాటిపోవచ్చు. విదేశీ విరాళమైతే ఇంకో అడ్డు: 2020 సవరణ తర్వాత దాన్ని అందుకున్న సంస్థ మరో సంస్థకు ఇవ్వకూడదు. హైదరాబాదులో పెద్ద సంస్థకు వచ్చిన ఆ డబ్బు రాజోలు చిన్న సంఘానికి చేరే దారి మూసుకుపోయింది.

అందుకే నా ఓటు సొంత చందాకే. నలభై మంది నెలకు 20 రూపాయలు వేస్తే ఏడాదికి 9,600. కోర్టు ఖర్చుకు చాలదు, నిజమే. కానీ ఫిర్యాదు ఇచ్చే రోజు కూలి, దారి ఖర్చు, ఒక నెల బియ్యం ఆ డబ్బుతో గడుస్తాయి, అదీ ఎవరి మంజూరు కోసమూ చూడకుండా. డ్వాక్రా పొదుపులో మాత్రం దీన్ని కలపొద్దు. అక్కడ అప్పుల లెక్కలుంటాయి, కొన్ని ఊళ్లలో మేస్త్రి వదినో మరదలో అదే గ్రూపులో ఉంటుంది. పుస్తకం ఇద్దరి దగ్గరే ఉండాలి. ఖర్చు ఎదురుగా తేదీ, మొత్తం రాస్తే చాలు, పేరు వద్దు. ఫిర్యాదుదారు పేరు బయటపెట్టడాన్ని చట్టమే నిషేధించింది.

దాతలెవరైనా సాయం చేస్తామంటే, ఫలానా దానికే ఖర్చుపెట్టాలని షరతు పెట్టకుండా ఈ నిధిలో కొంత వేయమని అడగండి. లాయరు ఫీజు గ్రాంటులోంచి రావచ్చు.

2022లో జిల్లాలు విడిపోయాక నరసాపురం వాళ్లకు కలెక్టరేటు ఏలూరు నుంచి భీమవరానికి దగ్గరైంది. చట్టం ప్రకారం ప్రతి మండలంలోనూ ఫిర్యాదు తీసుకునే నోడల్ అధికారి ఉండాలి, ఏడు రోజుల్లో దాన్ని కమిటీకి పంపాలి. మొదటి నెల చందా వసూలైన వెంటనే ఇద్దరు కలెక్టరేటుకు వెళ్లి, మీ మండలానికి ఆ అధికారి ఎవరో అడిగి, ఫోన్ నంబరు పుస్తకం మొదటి పేజీలో రాసుకుని రండి.