ఆల్బోనా, థాయ్ కాన్‌స్టలేషనా: ఇంట్లో పెంచడానికి ఏది మేలు?

చీలికలున్న పెద్ద ఆకుల ఇంటిమొక్క మాన్‌స్టెరాలో తెల్ల మచ్చలది కొందామనుకునే ప్రతివాళ్లూ ఆగేది ఆల్బో, థాయ్ కాన్‌స్టలేషన్ అనే ఈ రెండు రకాల దగ్గరే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడే రాసేస్తున్నాను. కుండీకి అడుగున చిల్లు ఉండాలి, రోజూ నీళ్లు పోయకూడదు లాంటివి మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

ముందు అందం సంగతి. ఆల్బోలో తెలుపు నిజంగా తెలుపే. ఒక ఆకు నిలువునా సగం తెల్లగా వస్తుంది, ఇంకో ఆకులో రెండు చారలే ఉంటాయి. థాయ్‌ది మీగడ రంగు, ఆకంతా చిలకరించినట్టు చుక్కలు, మధ్యమధ్య పెద్ద మచ్చలు. ఫొటోలో ఆల్బోదే గెలుపు, అందులో వాదన లేదు. కానీ మనం కొనేది ఫొటోలోని ఆకును కాదు, దాని తర్వాత రాబోయే ఆకుల్ని.

నా లెక్కలో అసలు తేల్చుకోవాల్సింది అదే. ఆల్బో ఒక కైమెరా, అంటే రెండు రకాల కణాలు కలిసిన మొక్క. కాండం కొసన కొత్త ఆకులు పుట్టేచోట రెండు రకాల కణాలు పక్కపక్కనే ఉంటాయి. ఒక రకం పత్రహరితం తయారుచేస్తుంది, రెండోది చెయ్యలేదు. వచ్చే ఆకులో ఏది ఎంత పాలు చేరుతుందో మన చేతిలో లేదు. పచ్చ కణాలది పైచేయి అయితే వరసగా మామూలు పచ్చాకులే వస్తాయి. తెల్లవాటిది పైచేయి అయితే పూర్తి తెల్లాకు విచ్చుకుంటుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ దానికి సొంత సంపాదన లేదు, కింది పచ్చాకుల సంపాదన మీద బతకాలి. అలాంటివి వరసగా వస్తే మొక్క నీరసించిపోతుంది.

వెలుతురు పెంచితే తెలుపు పెరుగుతుందని చాలామంది నమ్మకం. వెలుతురు తెలుపును పుట్టించదు. ఆకులో సగమే పనిచేస్తోంది కాబట్టి ఆ సగానికి బాగా వెలుగు కావాలి, అంతవరకే. కిటికీ పక్కన ప్రకాశంగా ఉండాలి, మండే ఎండ మాత్రం నేరుగా తగలకూడదు. తగిలితే ముందు మాడేది తెల్లభాగమే.

మరి ఆల్బో దారి తప్పితే ఏం చెయ్యాలి? కత్తి పట్టుకోవాలి. కాండాన్ని దగ్గరగా చూడండి. పచ్చటి కాండం మీద తెల్లచార ఒకటి పొడుగునా పాకుతూ ఉంటుంది. ప్రతి కణుపు దగ్గరా చిన్నగా ఉబ్బిన మొగ్గ కనిపిస్తుంది. ఆ మొగ్గ పచ్చ, తెలుపు కలిసే గీత మీద ఉంటే దాన్నుంచి వచ్చే కొమ్మలో రెండూ ఉండే అవకాశం ఎక్కువ. పూర్తిగా పచ్చ వైపు ఉంటే పచ్చకొమ్మ, పూర్తిగా తెల్ల వైపు ఉంటే బతకడానికి కష్టపడే తెల్లకొమ్మ వస్తాయి. అందుకే మచ్చలు బాగున్న చివరి ఆకు దాకా వెనక్కి వెళ్లి, అక్కడ మొగ్గ సరైనచోట ఉందో లేదో చూసి, ఆ కణుపుకు కాస్త పైన కోసెయ్యాలి. నెలల తరబడి పెంచిన కొమ్మ కొయ్యడానికి చెయ్యి రాదు. అలాగని వదిలేస్తే పచ్చకొమ్మ బలంగా ఎదిగి మిగతాదాన్ని మింగేస్తుంది.

థాయ్ కాన్‌స్టలేషన్‌తో ఈ తలనొప్పి దాదాపు లేదు. థాయ్‌లాండ్‌లో టిష్యూ కల్చర్ (మొక్క చిన్న ముక్కల నుంచి కొత్త మొక్కలు పెంచే) ల్యాబ్‌లో పుట్టిన రకమిది, మచ్చలు మొక్కంతా కలిసిపోయి ఉంటాయి. ఒక ఆకులో ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ రావచ్చు గానీ పూర్తిగా పచ్చబడటం అరుదు. ల్యాబ్‌లో పెద్ద ఎత్తున పెంచగలుగుతున్నదీ అందుకే. ఆల్బోను అలా పెంచబోతే పచ్చ కణాలూ తెల్ల కణాలూ విడిపోయే ప్రమాదం ఎక్కువ. కాబట్టి దాన్ని ప్రధానంగా కొమ్మలు కోసి నాటే పెంచుతారు.

థాయ్‌కీ ఒక బలహీనత ఉంది: వేరుకుళ్లు. చిన్న మొక్కలు తరచూ తడిని పట్టి ఉంచే మెత్తటి ముద్దలో వస్తాయి, పైగా ఎదుగుదల నెమ్మది కాబట్టి నీళ్లూ తక్కువే తాగుతాయి. ఆ ముద్దను వేర్లు తెగకుండా జాగ్రత్తగా తీసేసి, బెరడు ముక్కలు, పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు), కొబ్బరి పొట్టు కలిపిన గుల్ల మిశ్రమంలోకి మార్చండి. కుండీ వేర్ల కన్నా ఒక్క సైజే పెద్దదిగా ఉండాలి. పై 5 సెంటీమీటర్లు ఆరాకే నీళ్లు. ఎదగట్లేదని ఎరువు మీద ఎరువు వేసేవాళ్లున్నారు, అది ఇంకా చేటు.

పట్టే చోటులో పెద్ద తేడా లేదు, పెరిగే తీరే వేరు. ఆల్బో కణుపులు దూరదూరంగా ఉంటాయి, నాచు చుట్టిన కర్రకు కట్టి పైకి పాకించాలి. థాయ్ కురచగా ఉండి పక్కలకు పరుచుకుంటుంది. తెల్లభాగం అంచులు గోధుమరంగుకు తిరగడం రెండింటికీ ఉన్నదే. గాలిలో తేమ, నీళ్ల విషయంలో క్రమం ఉంటే తగ్గుతుంది, అసలే లేకుండా పోదు. మాడిన మచ్చ మళ్లీ తెల్లబడదు, అలాగని ఆకు తుంచెయ్యకండి, పచ్చభాగం ఇంకా పనిచేస్తూనే ఉంటుంది.

ఒక్కటే కొనేవాళ్లకు నేను థాయే చెబుతాను. మొదట్లో వేర్ల సంగతి ఒకసారి సరిచేస్తే తర్వాత మొక్క మానాన మొక్క పెరుగుతుంది. ప్రతి కొత్త చిగురు కోసం కాచుకు కూర్చోవడం, కోసి కొమ్మలు నాటడం మీకు సరదా అయితే ఆల్బోలో ఉన్న మజా థాయ్‌లో లేదు, అది ఒప్పుకోవాల్సిందే. కొనేముందు మాత్రం ఆకు ఫొటోతో సరిపెట్టుకోకుండా కాండం ఫొటో అడగండి.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. ఆరియా అంటే పసుపు మచ్చల ఆల్బో అనుకోండి, పాట్లు అవే. గులాబీ మచ్చలుండే పింక్ ప్రిన్సెస్ ఫిలోడెండ్రాన్ కూడా కైమెరాయే, పైన చెప్పిన కత్తి పాఠం దానికీ వర్తిస్తుంది. పింక్ కాంగో అనే ఇంకో ఫిలోడెండ్రాన్ జోలికి పోకండి, ఆ గులాబీ రంగు కొన్ని నెలల్లో పోయి పచ్చమొక్క మిగులుతుంది. ఇవన్నీ నమిలితే నోరు మండించేవే, వీటిలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. పిల్లి, కుక్క, పాకే పిల్లలున్న ఇంట్లో ఎదిగిన మాన్‌స్టెరాను అందనంత ఎత్తులో పెట్టలేం. అలాంటివాళ్లు కొన్నాళ్లు మార్బుల్ క్వీన్ మనీప్లాంట్‌ను పైన వేలాడదీసి, తీగ అందేంత కిందికి దిగినప్పుడల్లా కత్తిరించుకోవడం మేలు.