సాహిత్యం చదవడానికి కిండిల్ పేపర్‌వైట్ ఎంతవరకు పనికొస్తుంది?

తెర, బ్యాటరీ, వెలుతురు గురించి రాసిన సమీక్షలు అమెజాన్ అమ్మే ఈ ఈ-పుస్తకాల పరికరానికి కావలసినన్ని ఉన్నాయి. ఇక్కడి ప్రశ్న వేరు: కథ, నవల, కవిత చదివే మనిషికి ఇది ఏం చేస్తుంది, ఏం చెడగొడుతుంది? చూస్తున్నది 2024లో వచ్చిన పేపర్‌వైట్. 7 అంగుళాల తెర, అంగుళానికి 300 చుక్కలు, 16 జీబీ, 211 గ్రాములు. అక్షరం కాగితం మీద ఉన్నంత నిలకడగా కనిపిస్తుంది, చెయ్యి నొప్పి పుట్టదు. ఆ లెక్కలో లోటేమీ లేదు.

కొలబద్ద ఏమిటో ముందు చెప్పుకోవాలి. సంస్కృత ఆలంకారికుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో కావ్యానికి ఆరు ప్రయోజనాలు చెప్పాడు. కీర్తి, ధనం కవి సంగతి. లోకవ్యవహారం తెలియడం, కీడు తొలగడం, చదువుతుండగానే కలిగే పరమానందం, కాంతాసమ్మితమైన ఉపదేశం అనేవి మిగిలినవి. ఆ చివరి మాటలోనే అసలు సంగతంతా ఉంది. వేదం ప్రభువులా ఆజ్ఞాపిస్తుంది, పురాణం మిత్రుడిలా నచ్చజెబుతుంది, కావ్యం ప్రియురాలిలా మనసు కరిగించి తనవైపు తిప్పుకుంటుంది. వాదనకు లొంగని మనిషి కూడా ఒక పాత్ర వెంట మూడువందల పేజీలు నడిస్తే, తనకు సరిపడని మనిషి లోపల ఏం జరుగుతోందో చూసి వస్తాడు. ఇది జరగాలంటే ధ్యాస మధ్యలో తెగకూడదు. వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకునే వీలుండాలి.

చదివితే మనిషి మారతాడన్న మాటను తేలిగ్గా అనెయ్యకూడదు కూడా. సాహిత్య కథలు కొన్ని పేజీలు చదివినా ఎదుటివారి మనసు గ్రహించే శక్తి పెరుగుతుందని 2013లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. తర్వాత ఇతరులు మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం నిలవలేదు. ఏళ్ల తరబడి కథలు చదివేవాళ్లలో ఆ శక్తి కాస్త ఎక్కువని చెప్పే అధ్యయనాలున్నాయి. చదవడం వల్ల వచ్చిందా, ఉన్నవాళ్లే చదువుతున్నారా అన్నది వాటితో తేలదు. ఏదైనా సరే, ఒక్క పూటలో అయ్యే పని కాదు. ఏళ్ల పాటు చదివించే గుణం ఉందా లేదా అన్నదే ఈ పరికరానికి అసలు పరీక్ష.

ఆ పరీక్షలో ఫోన్ కన్నా ఇది ఎంతో మేలు. దీనిలో కాల్ మోగదు, సందేశం రాదు, పక్కకు లాగే మరో పని ఉండదు. పెట్టెలోంచి తీసినట్టే వాడితే మాత్రం చదువును చెడగొట్టే ఏర్పాట్లు దీనిలోనూ ఉన్నాయి.

అన్నిటికన్నా పెద్దది, పేజీ కింద కనిపించే శాతం, ఇంకెన్ని నిమిషాలు మిగిలిందన్న లెక్క. అది కనబడుతున్నంతసేపూ కన్ను చివరివైపే పరుగెడుతుంది. వర్ణనలు, మౌనాలు, పాత్ర తటపటాయించే చోట్లు దాటిపోతాయి. సాహిత్యం పనిచేసేది అక్కడే. ఎడమవైపు కింది మూల తాకుతూ పోతే లెక్కలు ఒకదాని తర్వాత ఒకటి మారి, చివరికి ఖాళీ వస్తుంది. ఆ ఖాళీనే ఉంచుకోవాలి.

రెండోది, ఇతరులు గీసిన గీతలు. ఎక్కువమంది గుర్తుపెట్టుకున్న వాక్యం కింద చుక్కల గీత పడుతుంది. ఏది ముఖ్యమో మీకన్నా ముందే ఎవరో తేల్చేసినట్టు. సెట్టింగ్స్‌లో రీడింగ్ ఆప్షన్స్‌కి వెళ్లి పాపులర్ హైలైట్స్ ఆపెయ్యాలి. మొదటిసారి చదివేటప్పుడు, పాత్రల వివరాలు చూపే ఎక్స్‌రే జోలికి కూడా పోవద్దు. పాత్ర ఎవరో కథకుడు దాచిపెట్టిన చోట అది ముందే చెప్పెయ్యవచ్చు.

నవల ముగిశాక ఇంకో పేజీ తిప్పితే రేటింగ్ అడుగుతూ, తర్వాతి పుస్తకం చూపిస్తూ తెర వస్తుంది. చివరి వాక్యం తర్వాతి నిశ్శబ్దం కూడా పుస్తకంలో భాగమే. చివరి పేజీ దగ్గరే ఆగి తెర ఆపెయ్యడం మంచిది.

వెనక్కి వెళ్లి చదవడం దీని బలహీనత. 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో 50 మందికి 28 పేజీల కథ ఇచ్చారు, సగం మందికి కాగితం మీద, సగం మందికి కిండిల్‌లో. కథ అర్థం కావడంలో చాలావరకు తేడా లేదు. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత అన్న వరుసలో మాత్రం కిండిల్ పాఠకులు వెనకబడ్డారు. కాగితం పుస్తకంలో ఎడమచేతి కింద పేజీల మందం పెరుగుతుంటుంది. ఎక్కడున్నామో వేళ్లకు తెలుస్తుంది. తెరకు ఆ మందం లేదు. కాలం ముందుకూ వెనక్కూ దూకే నవలల్లో ఈ లోపం బాగా బాధిస్తుంది. అధ్యాయం ముగియగానే చివరి వాక్యాన్ని హైలైట్ చేసి, ఏం జరిగిందో సొంత మాటల్లో ఒక్క వాక్యం నోట్‌గా రాసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. కింది అంచు నుంచి పైకి జరిపితే పేజీ ఫ్లిప్ తెరుచుకుంటుంది. మీరున్న చోటు పోకుండా వెనకటి పేజీలు చూడవచ్చు.

స్కాన్ చేసిన పాత పుస్తకాల పీడీఎఫ్‌లకు ఇది సరిపోదు. తెర ఎత్తు సుమారు 5.6 అంగుళాలు, మామూలు పుస్తకాల డెమ్మీ సైజు పేజీ ఎత్తు 8.5. అంటే అక్షరం మూడింట రెండు వంతులకు కుంచించుకుపోతుంది. అడ్డంగా తిప్పి సగం సగం పేజీ చదువుకోవచ్చు. పది పేజీలకు ఓపిక ఉంటుంది, నవలకు ఉండదు.

కవిత్వం సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. అక్షరం పెద్దదైతే పాదం మధ్యలో విరిగి కింది వరుసకు జారుతుంది, కవి ఆపిన చోటు కాక తెర ఆపిన చోటు ఆగుతాం. అక్షరం ఒకటి రెండు మెట్లు తగ్గించి, అంచులు ఇరుకు చేసి, రెండు వైపులా సమంగా సర్దే అమరిక తీసేసి ఎడమకు పెట్టుకోవాలి. అప్పటికీ పొడవు పాదాలు విరుగుతుంటే ఆ సంపుటిని కాగితం మీదే చదవండి.