నేరాల లెక్క: పోలీసు రికార్డా, ఇంటింటి సర్వేనా?

నేరాలు పెరిగాయా, తగ్గాయా అంటే ఇంగ్లండ్ లాంటి కొన్ని దేశాల ప్రభుత్వ గణాంకాల్లో రెండు జవాబులు దొరుకుతాయి: ఒకటి పోలీసు రికార్డుది, ఇంకోటి 'మీమీద ఏదైనా నేరం జరిగిందా?' అని జనాన్ని అడిగే ఇంటింటి సర్వేది. ఒక్కోసారి రెండూ పొంతన లేకుండా ఉంటాయి.

ఖర్చు: రికార్డు పోలీసులు ఎలాగూ రాసేదే. సర్వేకు వేల ఇళ్ల తలుపులు తట్టాలి.

లెక్కలోకి వచ్చేవి: రికార్డులో నమోదైనవే ఉంటాయి. సర్వే నేరుగా జనాన్నే అడుగుతుంది కాబట్టి స్టేషన్ గడప తొక్కనివీ బయటపడతాయి. హత్యలు మాత్రం సర్వేలో రావు. చనిపోయినవాళ్లు జవాబు చెప్పలేరు కదా!

పొరబడే ప్రమాదం: అసలు చిక్కు ఇక్కడే. రికార్డులో గృహహింస కేసులు పెరిగాయంటే హింసే పెరిగిందని కాదు, ధైర్యంగా ఫిర్యాదు చేసేవాళ్లు పెరిగి ఉండొచ్చు. నమోదు పద్ధతి మారినా అంకె మారిపోతుంది. నమోదు నాణ్యతపై అనుమానాలు రావడంతో 2014లో ఇంగ్లండ్, వేల్స్ పోలీసు నేర గణాంకాలకు 'జాతీయ గణాంకాలు' అన్న హోదానే (నాణ్యతకు ఇచ్చే అధికారిక గుర్తింపు) తీసేశారు. సర్వేకూ లోపాలున్నాయి: మతిమరుపు, బిడియం, ఇల్లు లేనివాళ్లు లెక్కలోకే రాకపోవడం.

హత్యల గురించో, ఒక చిన్న ప్రాంతం గురించో అయితే రికార్డు చూడండి. దొంగతనాలు, దాడులు దేశం మొత్తమ్మీద ఏళ్ల తరబడి ఎటు పోతున్నాయో తెలియాలంటే సర్వేనే నయం. గృహహింసకైతే నా ఓటు రెండింటికీ, పక్కపక్కన పెట్టుకుని చదివితేనే.