యాంగిల్ ఫైండర్: ఆరుద్ర పురుగుల కోసం కొన్నది, చత్వారానికి పనికొచ్చింది

యాంగిల్ ఫైండర్ అంటే కెమెరా వ్యూఫైండర్‌కి తగిలించి పైనుంచి చూసే, మోచేయిలా వంగిన గొట్టం. అందులో నాకు ప్రాణమైనది దాని పక్కనుండే చిన్న మీట. ఇటు తిప్పితే ఫ్రేమ్ మొత్తం కనిపిస్తుంది, అటు తిప్పితే మధ్య భాగం రెండింతలవుతుంది. చత్వారం వచ్చాక మాన్యువల్ ఫోకస్ మీద ఆశ వదిలేసుకున్నవాళ్లకి ఆ మీట విలువ బాగా తెలుస్తుంది. కొన్ని వానాకాలాలు వాడాక కూడా నా మాట ఇదే.

కెమెరా నికాన్ డి7000. లెన్స్ ఆటోఫోకస్ లేని పాత 55 ఎంఎం ఎఫ్/2.8 మైక్రో, అంటే చిన్నవాటిని బాగా దగ్గర్నుంచి తీసేది. నేను ఎక్కువగా తీసేవి నేలను అంటిపెట్టుకుని ఉండేవి: గడ్డిపూలు, పుట్టగొడుగులు, అన్నిటికంటే ముఖ్యంగా ఆరుద్ర కార్తెలో తొలివానలకి ఎర్రమట్టి మీదికి వచ్చే ఆరుద్ర పురుగులు. ఈ లెన్స్‌తో బాగా దగ్గరికి వెళ్తే పురుగు సెన్సర్ మీద అసలు సైజులో సగం పడుతుంది. అక్కడ లెన్స్ రంధ్రం ఎఫ్/8కి చిన్నది చేసినా స్పష్టంగా వచ్చే లోతు రెండు మిల్లీమీటర్లే. నికాన్ ఎఫ్ఎం2 లాంటి పాత ఫిల్మ్ కెమెరాల్లో వ్యూఫైండర్ మధ్యలో బొమ్మ రెండు ముక్కలుగా కనిపించి, ఫోకస్ కుదరగానే అతుక్కునేది. ఆటోఫోకస్ కెమెరాల్లో ఆ ఏర్పాటు లేదు. లోపలి తెర కూడా బొమ్మ వెలుతురుగా కనిపించేలా నునుపుగా చేసినది. ఫోకస్ కుదిరిందో లేదో ఒట్టి కంటితో తేల్చుకోవడం కష్టం.

ముందు ఐకప్ (వ్యూఫైండర్ దగ్గర కంటికి ఆనే రబ్బరు) స్థానంలో తగిలించే చిన్న మాగ్నిఫైయర్ కొన్నాను, 1.2 రెట్లది. కళ్లజోడుతో చూస్తే ఫ్రేమ్ మూలలు, కింద ఉండే షట్టర్ స్పీడ్ అంకెలు కనబడలేదు. తీసి పక్కన పెట్టేశాను. కెమెరా వెనక ఎల్‌సీడీ మీద పెట్టి చూసే భూతద్దం, లూప్, ఎండలో బాగానే ఉంది కానీ, దాన్ని కంటికి ఆనించాలంటే బురదలో బోర్లా పడుకోవాలి. యాంగిల్ ఫైండర్‌తో మోకాళ్ల మీద కూర్చుని పైనుంచి కిందికి చూస్తే చాలు. రెండింతల్లో మొదటిసారి ఆరుద్ర పురుగుని చూసినప్పుడు ఒంటి మీది ఎర్రటి నూగు వెంట్రుక వెంట్రుకా విడివిడిగా కనిపించింది. ఫోకస్ రింగు కొంచెం కదిపితే ఆ స్పష్టత వీపు మీంచి ముందు కాళ్ల దాకా పాకుతూ రావడం కంటికి తెలుస్తోంది. ఆ రోజు చీకటి పడేదాకా అక్కణ్ణించి లేవబుద్ధి కాలేదు.

అయితే నేను కొన్నది కెమెరా కంపెనీది కాదు, తక్కువ ధరకి దొరికిన వేరేది. ఓసారి సరిగ్గా ఆరుద్ర కార్తెలోనే అది ఏడిపించింది. వ్యూఫైండర్‌లో అద్దంలా స్పష్టంగా ఉన్న పురుగు ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే మసకగా ఉంది. ఒక్క ఫొటో కాదు, అన్నీ అంతే. లెన్స్ మీద అనుమానం వచ్చింది, తర్వాత కెమెరా లోపలి అద్దం మీద. కోఠిలో రిపేర్ షాపుకి తీసుకెళ్తే రెండూ బాగానే ఉన్నాయన్నారు. ఇంట్లో న్యూస్‌పేపర్ ఏటవాలుగా పెట్టి, ట్రైపాడ్ మీంచి ఒక వరుసకి ఫైండర్‌లో ఫోకస్ చేసి, వెంటనే లైవ్ వ్యూలో, అంటే వెనక ఎల్‌సీడీ మీద, పెద్దది చేసి చూశాను. స్పష్టంగా ఉన్నది ఆ వరుస కాదు, దాని వెనక వరుస. మళ్లీ ఫైండర్‌లో చూస్తే అక్షరాలు బాగున్నాయి కానీ, వాటి మీద లోపలి తెర చూపించే ఫోకస్ పాయింట్ గీతలు మసకగా ఉన్నాయి. అక్కడ దొరికింది దొంగ. ఫైండర్‌కి సొంతంగా ఒక డయాప్టర్ రింగు ఉంది, చూసేవాళ్ల కంటిచూపుకి తగ్గట్టు సరిచేసుకునేది. అది వదులుగా తిరిగేది కావడంతో బ్యాగులో రాపిడికి జరిగిపోయింది. అప్పుడు కన్ను తెరని వదిలేసి, దానికి ముందో వెనకో ఉన్న బొమ్మ మీద నిలుస్తుంది. బొమ్మ బాగుందనిపిస్తుంది, ఫొటో పోతుంది. ఆ కార్తె ఫొటోలు పోయినట్టే, మళ్లీ ఏడాది ఆగాల్సి వచ్చింది.

ఇప్పుడు లెన్స్‌ని ఫోకస్ పూర్తిగా తప్పించి ఆకాశం వైపు తిప్పి, ముందు ఆ గీతలు గీసినట్టు కనిపించేదాకా రింగు సరిచేస్తాను. తర్వాత దాని చుట్టూ కరెంటు పనికి వాడే నల్లటేపు. అప్పట్నుంచి ఆ గొడవ లేదు.

ఇక రెండింతలు అన్నానే, అది వెలుతురు బాగున్నప్పటి మాట. మబ్బు పట్టినా చెట్టు నీడలో ఉన్నా బొమ్మ మసకబారుతుంది, అప్పుడు మామూలు సైజులోనే ఫోకస్ తేలిక. ఫ్రేమ్ కుదుర్చుకోవడానికి ఎలాగూ వెనక్కి తిప్పాల్సిందే, ఈలోగా పురుగు నడిచి వెళ్లిపోవచ్చు. ఇంకోటి, దీనికి కన్ను ఆనించే చోటు ఆకాశం వైపు ఉంటుంది. తల పక్కకి తీసి రిమోట్‌తో నొక్కితే పైనుంచి వెలుతురు లోపలికి పోయి, కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ మోసపోతుంది, ఫొటో నల్లగా వస్తుంది. అందుకని నొక్కేముందు అరచేయి అడ్డం పెడతాను.

నేను కళ్లజోడు మనిషిని, నడుము వంగదు, ఈ పాత లెన్స్ వదులుకోను. కాబట్టి నాకు ఇది లేకుండా కుదరదు. నిలబడి మనుషుల్ని తీసేవాళ్లకి దీంతో పెద్దగా పనిలేదు, పైగా కదిలే మనిషిని ఇందులోంచి వెతుక్కోవడం చిరాకు. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని, వ్యూఫైండర్‌లో చిన్న ఎలక్ట్రానిక్ తెర ఉండే) కెమెరా ఉన్నవాళ్లు కొనకపోయినా నష్టం లేదు, వాటి వ్యూఫైండర్‌లోనే పెద్దది చేసి చూసుకోవచ్చు. కొనేవాళ్లు మాత్రం షాపులోనే సొంత కెమెరాకి తగిలించి, డయాప్టర్ రింగు వేలితో తిప్పి చూడండి. గట్టిగా తిరిగితేనే తీసుకోండి.