వెబ్ పేజీలో అక్షరాలకు నీడ: టెక్స్ట్-షాడో, డ్రాప్-షాడో, స్ట్రోక్‌లలో ఏది మేలు?

ఫోటో మీద తెల్లటి తెలుగు శీర్షిక పెడుతున్నారా? కళ్లు మూసుకుని సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని నిర్ణయించే భాష) లోని టెక్స్ట్-షాడో వాడండి. విలువలు వరసగా నాలుగు: అడ్డంగా ఎంత జరగాలి, నిలువుగా ఎంత, బ్లర్ ఎంత, రంగేమిటి. 40 పిక్సెళ్ల శీర్షికకు 0, 0.03 ఈఎమ్ (ఒక ఈఎమ్ అంటే ఆ ఫాంట్ సైజంత), 0.1 ఈఎమ్, 60 శాతం నలుపు చక్కగా కుదురుతాయి. ఈఎమ్‌లో ఇస్తే ఫోన్‌లో ఫాంట్ తగ్గినప్పుడు నీడా తగ్గుతుంది. ఇంకా గట్టిగా కావాలంటే కామా పెట్టి అదే నీడని మళ్లీ రాయండి. పెట్టెలకు నీడ వేసే బాక్స్-షాడో అలవాటుతో స్ప్రెడ్ (నీడని అన్ని వైపులా పెంచే) విలువ కూడా చేర్చారంటే బ్రౌజర్ ఆ లైను మొత్తాన్నీ వదిలేస్తుంది, నీడే రాదు. ఇంకో సంగతి, ఈ నీడ లోపలి ఎలిమెంట్లకూ పాకుతుంది. బ్యానర్‌కి పెడితే అందులోని లింక్ అక్షరాలకూ వస్తుంది, కాబట్టి వద్దనుకుంటే అక్కడ టెక్స్ట్-షాడోకి నన్ (none) అని రాయాలి.

టెక్స్ట్-షాడో చేతులెత్తేసేది గ్రేడియంట్ (ఒక రంగు నుంచి ఇంకో రంగుకి మారే) అక్షరాల దగ్గర. బ్యాక్‌గ్రౌండ్-క్లిప్‌కి టెక్స్ట్ ఇచ్చి (నేపథ్యం అక్షరాల ఆకారంలోనే కనిపించేలా) అక్షరం రంగుని ట్రాన్స్‌పరెంట్ చేస్తాం కదా. గ్రేడియంట్ అంటే నేపథ్యమే, బ్రౌజర్ దాన్ని ముందు గీస్తుంది. నీడని ఆ తర్వాత అక్షరంతో పాటు గీస్తుంది. దాంతో నీడ గ్రేడియంట్ మీదే పడి రంగులన్నీ మురికిగా మారతాయి. ఇక్కడ మాత్రం ఫిల్టర్‌లోని డ్రాప్-షాడోదే పైచేయి, ఎందుకంటే అది గీయడం పూర్తయిన బొమ్మ మొత్తానికి వెనక నీడ వేస్తుంది. అదే, అలా క్లిప్ చెయ్యని ఎలిమెంట్‌కి నిండు నేపథ్య రంగుంటే నీడ అక్షరాలకు కాక పెట్టెకి పడుతుంది. ఫిల్టర్ ఉన్న ఎలిమెంట్ లోపల పొజిషన్ ఫిక్స్‌డ్ మెనూ ఉంటే అది స్క్రీన్‌కి అంటుకోవడం మానేస్తుంది. అందుకే ఫిల్టర్‌ని శీర్షిక ఉన్న స్పాన్ ట్యాగ్ వరకే ఉంచండి.

టెక్స్ట్-స్ట్రోక్‌ని (అక్షరం అంచు వెంట గీత గీసేది) తెలుగుకి సిఫారసు చెయ్యను. గీత సగం అక్షరం లోపలికే వస్తుంది కాబట్టి సన్నటి వత్తులు నలిగిపోతాయి. పెయింట్-ఆర్డర్‌లో స్ట్రోక్‌ని అక్షరం నింపడానికి ముందే గీయమంటే కొంత నయం.

తెల్ల పేజీ మీద నల్లటి పేరాలకు ఏ నీడా వద్దు. ఘ, ఋ లాంటి అక్షరాల సందులు పూడుకుపోతాయి.

ఫోటోలో తెల్లటి ఆకాశం ఉంటే నీడ ఒక్కటే సరిపోదు, ఫోటో మీద నల్లటి పొర వెయ్యాలి. శుద్ధ తెలుపు మీద 40 శాతం పొరతో తెల్ల అక్షరాలకు కాంట్రాస్ట్ 2.85:1 దగ్గరే ఆగుతుంది. పెద్ద అక్షరాలకు కనీసం 3:1 కావాలి. 50 శాతం వేస్తే దాదాపు 4:1 వస్తుంది.