నింటెండో 64కి ఏ ఫ్లాష్ కార్ట్రిడ్జ్ మేలు: ఎక్స్5, ఎక్స్7, సమ్మర్‌కార్ట్?

ఫ్లాష్ కార్ట్రిడ్జ్ అంటే ఎస్‌డీ కార్డులో పెట్టిన ఆట ఫైళ్లను అసలు కన్సోల్ మీద నడిపే కార్ట్రిడ్జ్. అందులో ఎవర్‌డ్రైవ్ 64 ఎక్స్5 సరిపోతుందా, ఇంకాస్త పెట్టి ఎక్స్7 తీసుకోవాలా? నింటెండో 64 అనే పాత గేమ్ కన్సోల్ చేతికొచ్చిన వాళ్లంతా తిప్పి తిప్పి అడిగేది ఇదే. ఈమధ్య సమ్మర్‌కార్ట్ 64 కూడా వరసలోకి వచ్చింది.

ఆట నడవడం వరకే అయితే మూడింటి మధ్య తేడా వెతకడం దండగ. ఈ కన్సోల్‌కి వచ్చిన ఆటల్లో అన్నిటికన్నా పెద్దవి రెసిడెంట్ ఈవిల్ 2, కాంకర్స్ బ్యాడ్ ఫర్ డే లాంటివి. అవి 64 మెగాబైట్లు. మూడు కార్ట్‌లూ వాటిని మోస్తాయి. దీనికి ముందు వచ్చిన సూపర్ నింటెండోకైతే కొన్ని ఆటల కార్ట్రిడ్జ్‌లలో అదనపు చిప్పులుండేవి, ఆ తలనొప్పి ఇక్కడ లేదు. అసలు తేడా పవర్ ఆపాక మీ సేవ్ మిగులుతుందా లేదా అన్న దగ్గరే.

చాలా అసలు కార్ట్రిడ్జ్‌లలో సేవ్‌కి వేరే మెమరీ చిప్ ఉంటుంది, దాని రకం ఆటను బట్టి మారుతుంది. సూపర్ మారియో 64లో 512 బైట్ల ఈఈప్రామ్, యోషీస్ స్టోరీలో 2 కిలోబైట్లది, ఒకరీనా ఆఫ్ టైమ్‌లో బ్యాటరీతో నడిచే 32 కిలోబైట్ల ఎస్‌ర్యామ్, మజోరాస్ మాస్క్‌లో 128 కిలోబైట్ల ఫ్లాష్. ఫ్లాష్ కార్ట్ ఈ చిప్పులన్నిటి వేషాన్నీ తన మెమరీలోనే వేస్తుంది. ఆ తర్వాత దాన్ని ఎస్‌డీ కార్డులో ఫైల్‌గా రాయాలి. ఎప్పుడు రాస్తుందన్నదే చూసుకోవాల్సింది.

ఎక్స్5లో బ్యాటరీ లేదు. ఆటలో సేవ్ కొడితే 'సేవ్ అయింది' అని తెర మీద కనిపిస్తుంది గానీ, అది ఇంకా కరెంటు ఉన్నంతసేపే నిలిచే మెమరీలో ఉంది. కన్సోల్ మీది రీసెట్ నొక్కాలి, కార్ట్ మెనూ తెర మీదకు రావాలి, సేవ్ కార్డులోకి ఎక్కాలి, అప్పుడే పవర్ ఆపాలి. ఈ వరసలో ఒక్కటి తప్పినా ఆ పూట ఆడిందంతా గాలికే. కరెంటు పోతే రీసెట్ నొక్కే అవకాశమే ఉండదు. ఒక్కరే ఆడే ఇంట్లో ఇది వారంలో అలవాటైపోతుంది. పిల్లలో, వచ్చిపోయే స్నేహితులో ఆడే చోట మాత్రం ఎవరో ఒకరు నేరుగా స్విచ్ నొక్కేస్తారు, అందులో సందేహం లేదు.

ఎక్స్7లో బ్యాటరీ ఉంది కాబట్టి రీసెట్ గొడవ లేదు. పవర్ ఆపినా సేవ్ కార్ట్‌లోనే నిలుస్తుంది, మళ్లీ ఆన్ చేసినప్పుడు కార్డులోకి ఎక్కుతుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. ఆపిన వెంటనే ఎస్‌డీ కార్డు తీసి కంప్యూటర్‌లో బ్యాకప్ చేసుకుంటే మీకు దొరికేది పాత సేవ్. ముందు ఒకసారి ఆన్ చేసి, మెనూ వచ్చాక ఆపి, అప్పుడు తీయండి. ఎప్పుడో ఒకనాటికి బ్యాటరీ అయిపోతే ఇదీ ఎక్స్5 బాటే పడుతుంది. ఎక్స్7లోని యూఎస్‌బీ పోర్టు సొంతంగా ఆటలు రాసేవాళ్లకి పనికొస్తుంది. టైమ్ చూసుకునే గడియారం కూడా ఇందులో ఉంది, కానీ అది కావాల్సిన ఆట ఒక్కటే, 2001లో జపాన్‌లో వచ్చిన డోబుత్సు నో మోరి. అది ఆడనివాళ్లు గడియారం కోసం ఎక్స్7 కొనక్కర్లేదు.

సమ్మర్‌కార్ట్ 64 పద్ధతి వేరు. ఆట సేవ్ చేయగానే, ఆట నడుస్తుండగానే, దాన్ని ఎస్‌డీ కార్డులోకి రాసేస్తుంది. రీసెట్ అక్కర్లేదు, సేవ్‌కి బ్యాటరీ మీద ఆధారపడక్కర్లేదు. సేవ్ కొట్టాక రెండు మూడు సెకన్లు ఆగి ఆపితే చాలు. గడియారం, యూఎస్‌బీ ఇందులోనూ ఉన్నాయి, 64డీడీ (ఈ కన్సోల్‌కి అమర్చే డిస్క్ డ్రైవ్) డిస్కుల ఆటలు కూడా నడుస్తాయి. పని కానిచ్చే తీరు చూస్తే నా ఓటు దీనికే. కానీ ఇది ఓపెన్ హార్డ్‌వేర్, డిజైన్ దించుకుని ఎవరైనా తయారు చేసి అమ్మవచ్చు. కాబట్టి కొనేముందు లోపలి సర్క్యూట్ బోర్డు మందం అడగండి: 1.2 మిల్లీమీటర్లు ఉండాలి. మామూలుగా దొరికే 1.6 మిల్లీమీటర్ల బోర్డయితే కన్సోల్ లోపలి పిన్నులు సాగి, తర్వాత అసలు కార్ట్రిడ్జ్‌లు వదులుగా కూర్చుంటాయి. కాంటాక్టులకు బంగారు పూత ఉండాలి, అంచు ఏటవాలుగా అరగదీసి ఉండాలి. ఈ వివరాలు చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనడం కన్నా ఎక్స్7 నయం.

64డ్రైవ్ అనే ఇంకో ఫ్లాష్ కార్ట్ ఉంది, పాతది, మంచిదే. సెకండ్ హ్యాండ్‌లో మంచి బేరం తగిలితే తప్ప దాని కోసం తిరగక్కర్లేదు. చవక నకిలీ ఎవర్‌డ్రైవ్‌ల జోలికి పోకండి.

ఏది కొన్నా రెండు సంగతులు మారవు. ట్యూరోక్ లాంటి ఆటలు సేవ్‌ని కార్ట్రిడ్జ్‌లో కాదు, కంట్రోలర్ వెనక గుచ్చే కంట్రోలర్ పాక్‌లో పెడతాయి. మారియో కార్ట్ 64 ఘోస్ట్ రికార్డులూ (మీ పాత పరుగును మళ్లీ చూపేవి) అక్కడికే పోతాయి. ఫ్లాష్ కార్ట్ వాటికి బదులు కాదు, పాక్ విడిగా ఉండాల్సిందే. నింటెండో పాక్ లోపల ఉండేది సీఆర్2032 బ్యాటరీ, అది మారిస్తే లోపలి సేవ్‌లు చెరిగిపోతాయి.

రెండోది, మార్పులు చేసిన ఆటలు, అనువాదాలు. ఫైల్ మారిందంటే కార్ట్ దాన్ని గుర్తుపట్టకపోవచ్చు, ఏ చిప్ వేషం వేయాలో దానికి తెలియదు. ఆట చక్కగా నడుస్తుంది, సేవ్ మాత్రం పడదు. ఎవర్‌డ్రైవ్‌లో అయితే ఈడీ64 ఫోల్డర్‌లోని సేవ్ డేటాబేస్ టెక్స్ట్ ఫైల్‌లో ఆ ఆటకి ఒక వరస చేర్చాలి; సమ్మర్‌కార్ట్‌లో మెనూలోనే సేవ్ రకం ఎంచుకోవచ్చు. గంటలు గంటలు ఆడేముందు మొదటి సేవ్ పాయింట్ దగ్గరే ఒకసారి ఆపి, ఆన్ చేసి చూసుకోండి.